కెమెరా ఫైలు చూసి కంప్యూటర్ కొనండి: గోదారి జిల్లాల వీడియో ఎడిటర్ల కోసం డెస్క్‌టాప్ గైడ్

పెళ్ళిళ్ళ సీజన్ ముందు నాకొచ్చే ఫోన్లన్నిట్లో ఒకటే ప్రశ్నండి, "అన్నయ్యా ఎడిటింగ్‌కి సిస్టం తీసుకుంటున్నాను, ఐ7 తీసుకోనా ఐ9 తీసుకోనా" అని. నేను తిరిగి అడుగుతాను, ఏ కెమెరాతో తీస్తున్నావు, మెనూలో ఏ ఫార్మాట్ పెట్టి తీస్తున్నావు అని. చాలామంది దగ్గర దానికి జవాబుండదు. ఉండాలండి, ఎందుకంటే లక్ష పెట్టి కొన్న సిస్టం ఒకడి దగ్గర వెన్నలా నడుస్తది, అదే సిస్టం పక్కూరి వాడి దగ్గర ఆగి ఆగి నడుస్తది, తేడా అంతా ఫుటేజ్‌లోనే ఉంటది. అందుకని షాపుకి వెళ్ళేముందు చెయ్యాల్సిన పని దగ్గర్నించి, తెచ్చాక ఇంట్లో చెయ్యాల్సిన పని దాకా వరసగా రాస్తున్నాను. అమలాపురం, పాలకొల్లు, భీమవరం, రాజోలు వైపు పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, తీర్థాలు తీసి కట్ చేసుకునే వాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది, సినిమా పని వేరే లెక్క.

ముందు మీ ఫైల్లో ఏముందో చూడండి

మీడియాఇన్ఫో అని ఉచితంగా దొరికే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది, అది వేసుకుని మీ కెమెరా కార్డులో ఒక క్లిప్ దాన్లో ఓపెన్ చెయ్యండి. నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోండి. కోడెక్ (వీడియోని నొక్కి చిన్నది చేసే పద్ధతి) హెచ్.264నా హెచ్.265నా (రెండోదాన్నే హెచ్ఈవీసీ అంటారు), 8 బిట్టా 10 బిట్టా (రంగుల్లో ఎన్ని మెట్లున్నాయన్నది), 4:2:0 నా 4:2:2 నా (రంగు వివరం ఎంత దాచిందన్నది), బిట్‌రేట్ (సెకనుకి ఎంత డేటా అన్నది) ఎంత అని. ఈ కాగితం జేబులో లేకుండా షాపు మెట్లెక్కొద్దు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, కెమెరా వీడియోని నొక్కి నొక్కి చిన్నది చేసి కార్డులో పెడతది, మీరు టైంలైన్ (ఎడిటింగ్‌లో క్లిప్పులు వరసగా పేర్చే చోటు) మీద ప్లే కొట్టినప్పుడల్లా కంప్యూటర్ దాన్ని విప్పాలి. ఆ విప్పడానికి ప్రాసెసర్లోనో గ్రాఫిక్స్ కార్డులోనో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటది, దాన్నే హార్డ్‌వేర్ డీకోడర్ అంటారు. మీ ఫైలు రకం దానికి తెలిసిందైతే చిటికెలో విప్పుతది, తెలియకపోతే బరువంతా ప్రాసెసర్ కోర్ల మీద పడతది, అప్పుడు ఎంత పెద్ద ప్రాసెసరైనా ఆయాసపడతది. 8 బిట్ 4:2:0 ఫైళ్ళని ఈమధ్య వచ్చిన ఏ చిప్పైనా విప్పేస్తది, మీది ఆ రకమైతే సగం దిగులు పోయినట్టే. కొత్త సోనీ, కేనన్ కెమెరాల్లో కలర్ బాగా వస్తదని మనోళ్ళు 10 బిట్ 4:2:2 పెట్టి తీస్తున్నారు చూడండి, తిరకాసంతా అక్కడే ఉంది.

నా అనుభవం చెప్తాను. మూడేళ్ళ కింద కొత్త సిస్టం కట్టించుకున్నాను, షాపతను 12వ తరం ఐ5లో చివర ఎఫ్ అక్షరం ఉన్నది రాశాడు, "కార్డు ఎలాగూ వేస్తున్నారు కదండీ, ఎఫ్ తీసుకుంటే డబ్బులు మిగులుతాయి" అన్నాడు. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ తీసేసిన ప్రాసెసర్ అని తెలుసు, దానివల్ల ఎడిటింగ్‌కి ఏం పోతదో మాత్రం అతనూ చెప్పలేదు నేనూ అడగలేదు. ఆ నెల్లోనే కెమెరా మార్చి 10 బిట్ 4:2:2లో హెచ్.265 పెట్టి ఒక పెళ్ళి తీశాను. జీలకర్ర బెల్లం షాట్ టైంలైన్ మీద పెట్టి ప్లే కొడితే పెళ్ళికొడుకు చెయ్యి పైకి లేస్తది, బొమ్మ ఆగుతది, మళ్ళీ కదిలేసరికి చెయ్యి పెళ్ళికూతురి తల మీద ఉంటది, మధ్యలో ఉన్న ఆ రెండు సెకన్లు కనపడవు. మేళం వాళ్ళ దెబ్బ మీద కట్ చెయ్యాల్సింది ఆ రెండు సెకన్లలోనే. ఆ పెళ్ళి వీడియో ఇవ్వడం మూడు వారాలు ఆలస్యమైంది, పెళ్ళివారి ముందు తలదించుకోవాల్సి వచ్చింది. మీకా పరిస్థితి రాకూడదనే ఇదంతా.

ఏ సాఫ్ట్‌వేర్‌లో చేస్తారో తేల్చుకోండి

మన స్టూడియోల్లో ఎడియస్ పాతకాలం నించి ఉంది, కుర్రాళ్ళు ప్రీమియర్ ప్రో, డావిన్చి రిజాల్వ్ వైపు వెళ్తున్నారు. మూడిటి ఆకలి మూడు రకాలు. ఎడియస్ ప్రాసెసర్ మీద, ఇంటెల్ చిప్పుల లోపలి గ్రాఫిక్స్‌లో ఉండే క్విక్ సింక్ (ఇంటెల్ హార్డ్‌వేర్ డీకోడర్ పేరు ఇది) మీద ఎక్కువ ఆధారపడతది. ప్రీమియర్ ప్రాసెసర్నీ కార్డునీ రెండిటినీ వాడుకుంటది, క్విక్ సింక్ ఉంటే దానికి బాగా కలిసొస్తది. రిజాల్వ్ మాత్రం గ్రాఫిక్స్ కార్డు మీదే బతుకుతది, కలర్ గ్రేడింగూ నాయిస్ (బొమ్మలో కనపడే చుక్కలు) తగ్గించడమూ అన్నీ అక్కడే. రిజాల్వ్ ఉచితంగా వస్తదని సంబరపడి అందరూ మర్చిపోయే సంగతొకటుంది, విండోస్ మీద ఉచిత వెర్షన్‌కి ఈ 10 బిట్ 4:2:2 ఫైళ్ళతో పేచీ ఉంటది, చాలాసార్లు ఆడియో వినపడతది బొమ్మ రాదు, దానికి స్టూడియో వెర్షన్ కావాలి. అది 295 డాలర్లు, ఒక్కసారే కట్టాలి, నెలనెలా కట్టేది కాదు. సిస్టం బడ్జెట్ వేసుకున్నప్పుడే దీన్ని కూడా కలిపి వేసుకోండి.

ప్రాసెసర్

ఇక్కడ నా మాట సూటిగా చెప్తాను. మీరు తీసేది హెచ్.265లో 10 బిట్ 4:2:2 అయితే ఇంటెల్ తీసుకోండి, ఎఫ్ లేనిది తీసుకోండి. 11వ తరం నించి ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్ ఆ రకం ఫైల్ని నేరుగా విప్పుతది. ఏఎండీ రైజెన్ మంచి ప్రాసెసరే, ఎక్స్‌పోర్ట్‌లో (కట్ చేసిన వీడియోని ఫైలుగా బయటికి తీయడంలో) గట్టిది, కరెంటూ తక్కువ తింటది, కానీ దాని లోపలి గ్రాఫిక్స్‌కి ఈ 4:2:2 విద్య రాదు. రైజెనే కావాలనుకుంటే దానికి తగ్గ కార్డు పక్కన పెట్టుకోవాలి, అది కింద చెప్తాను.

ఐ5లోనే ఒక కిటుకుంది. ఐ5-12400, 13400, 14400ల్లో ఉండేది యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్, దాన్లో వీడియో విప్పే ఇంజిన్ ఒక్కటే. ఐ5-12500, 13500, 14500ల నించి యూహెచ్‌డీ 770, దాన్లో ఆ ఇంజిన్లు రెండు. పేరులో చూస్తే వంద నెంబరు తేడా, రెండు మూడు కెమెరాలు ఒకేసారి పెట్టి మల్టీకామ్ కట్ చేసేవాడికి మాత్రం ఇది పెద్ద తేడానండి. నన్నడిగితే పెళ్ళిళ్ళ పనికి ఐ5-14500 చాలా మంచి బేరం, చేతిలో ఇంకొంచెం ఉంటే ఐ7-14700. కోర్ అల్ట్రా అని కొత్త పేరుతో వచ్చినవాటిల్లో కూడా ఎఫ్ లేనివి తీసుకుంటే ఈ సౌకర్యం ఉంటది.

13, 14 తరాల్లో పెద్ద ప్రాసెసర్లు, ముఖ్యంగా ఐ7, ఐ9 రకాలు, వోల్టేజ్ ఎక్కువ లాగేసి మెల్లగా దెబ్బతింటున్నాయని 2024లో బయటపడింది, ఇంటెల్ దానికి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చింది, వారంటీ కూడా పెంచింది. కాబట్టి వాటిల్లో ఏది తీసుకున్నా మదర్‌బోర్డు బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే సాఫ్ట్‌వేర్) కొత్త వెర్షన్‌కి అప్‌డేట్ చేసి ఇమ్మని షాపులోనే అడగండి. సెకండ్ హ్యాండ్‌లో ఈ తరాల ఐ9 చవగ్గా వస్తుందంటే మాత్రం వద్దు.

ఇంకొకటి, 10 బిట్ 4:2:2 అయ్యుండి కోడెక్ హెచ్.264 అయితే క్విక్ సింక్ కూడా చేతులెత్తేస్తది. సోనీలో ఎక్స్ఏవీసీ ఎస్ అనే ఫార్మాట్ పెట్టి తీసేవాళ్ళలో చాలామందిది ఇదే రకం. మీ కాగితంలో ఇలా రాసుంటే కింది భాగం జాగ్రత్తగా చదవండి.

గ్రాఫిక్స్ కార్డు

ఎన్విడియాలో ఆర్టీఎక్స్ 50 సిరీస్, అంటే 2025లో వచ్చినవి, హెచ్.264, హెచ్.265 రెండిట్లోనూ 4:2:2ని విప్పుతాయి. 40 సిరీస్, 30 సిరీస్ ఆ పని చెయ్యవు. కాబట్టి మీది హెచ్.264 4:2:2 అయితే, లేదా రైజెన్ మీద మనసు పడితే, 50 సిరీస్ కార్డు తీసుకోవడంలో అర్థం ఉంది. ఇంటెల్ ప్రాసెసర్ ఉండి హెచ్.265 అయితే పాత సిరీస్ కార్డైనా సరిపోతది, విప్పే పని ప్రాసెసర్ చూసుకుంటది, ఎఫెక్టులూ కలరూ కార్డు చూసుకుంటది.

కార్డులో చూడాల్సింది మెమరీ. 4కే టైంలైన్‌కి 8 జీబీ కనీసం, రిజాల్వ్‌లో నాయిస్ తగ్గించే ఎఫెక్ట్ వేశారంటే 8 నిండిపోయి మెమరీ చాల్లేదని ఎర్రర్ వస్తది. అందుకే పాతదైనా 12 జీబీ ఉన్న ఆర్టీఎక్స్ 3060కి ఇప్పటికీ గిరాకీ. ఆర్టీఎక్స్ 5060 టీఐలో 8 జీబీది, 16 జీబీది రెండూ ఉన్నాయి, పేరు ఒకటే కాబట్టి బిల్లు మీద జీబీ చూసుకోండి. ఎడియస్‌లో కట్ చేసి టైటిల్స్ వేసి ఇచ్చేవాళ్ళకి పెద్ద కార్డు దండగ, ఆ డబ్బు ఎస్ఎస్‌డీ మీద పెట్టండి.

ర్యామ్

32 జీబీ. 16తో మొదలుపెట్టొచ్చు గానీ బ్రౌజరూ ఫోటోషాపూ పక్కన తెరిచే అలవాటుంటే చాలదు. 16వి రెండు స్టిక్కులు తీసుకోండి, 32ది ఒక్కటి వద్దు, రెండుంటే డేటా రెండు దారుల్లో నడుస్తది. 2025 చివర్నించి ర్యామ్ ధరలు బాగా ఎక్కాయి, అందుకని కొటేషన్ తీసుకున్నరోజే ధర ఖాయం చేసుకోవడం మంచిది.

ఫైళ్ళు పెట్టుకునే చోటు

దీనికి లెక్క వేద్దాం. 100 ఎంబీపీఎస్‌లో తీశారనుకోండి, ఎనిమిదితో భాగిస్తే సెకనుకి 12.5 ఎంబీ, గంటకి 45 జీబీ. ఒక పెళ్ళికి రెండు కెమెరాలు, నాలుగేసి గంటలు, 360 జీబీ. అదే 4కే 50 ఫ్రేముల్లో 200 ఎంబీపీఎస్ పెట్టి తీస్తే రెట్టింపు. కనుమ రోజున జగ్గన్నతోట ప్రభల తీర్థంలో గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటేటప్పుడు స్లో మోషన్ కోసం 50 ఫ్రేముల్లోనే తీయాలనిపిస్తది కదా, నీళ్ళల్లో గుండెల్లోతు దిగి మోసేవాళ్ళ మొహాలు ఆగి ఆగి కనపడాలి. అక్కడ రెండు గంటలు తీస్తే ఒక్క కెమెరాకే 180 జీబీ.

సెకనుకి 12.5 ఎంబీ అంటే మామూలు హార్డ్ డిస్క్ కూడా ఇస్తది కదా అంటారు కొంతమంది. ఒక్క క్లిప్ అయితే ఇస్తది. మల్టీకామ్ పెట్టినప్పుడు డిస్కులోని సూది ఒక కెమెరా ఫైలుకీ రెండోదానికీ పాట ఫైలుకీ మధ్య పరిగెట్టాలి, ఆ పరుగులో టైం పోతది. అందుకే ఎడిట్ చేసే ఫుటేజ్ ఎప్పుడూ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (తిరిగే డిస్కు లేని వేగమైన డ్రైవ్) మీదే ఉండాలి. నేను చెప్పే అమరిక ఇదండి: విండోస్‌కీ సాఫ్ట్‌వేర్లకీ ఒక 500 జీబీ ఎన్‌వీఎంఈ, నడుస్తున్న పనులకీ క్యాష్ ఫైళ్ళకీ (సాఫ్ట్‌వేర్ తాత్కాలికంగా తయారుచేసుకునేవి) 2 టీబీ ఎన్‌వీఎంఈ, అయిపోయిన పెళ్ళిళ్ళు దాచడానికి పెద్ద హార్డ్ డిస్కులు రెండు. 2 టీబీది కొనేటప్పుడు టీఎల్‌సీ రకం అడగండి (ఇవి డేటా దాచే చిప్పుల్లో రకాలు), క్యూఎల్‌సీ రకం చవకే గానీ ఒకేసారి 300 జీబీ కాపీ పెడితే సగం నించి నత్తలా పోతది. ఏ ఎస్ఎస్‌డీనీ పూర్తిగా నింపకండి, ఆరో వంతన్నా ఖాళీ ఉంచండి.

దాచే డిస్కులు రెండు అన్నది ఒకటి చాలకపోతే రెండోది అని కాదండి, రెండిట్లోనూ అవే ఫైళ్ళు ఉండాలి, ఒకటి మీ ఇంట్లో, రెండోది వేరే ఊళ్ళో. 1996 నవంబర్ 6 తుఫాను చూసినవాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు, 2022 జులై వరదకి లంక ఊళ్ళు ఎలా మునిగాయో కూడా చూశాం. నా రెండో డిస్క్ రాజమండ్రిలో మా అక్కయ్యగారింట్లో బీరువాలో ఉంటది, నెలకోసారి వెళ్ళినప్పుడు మారుస్తాను. పెళ్ళి మళ్ళీ తీయలేం కదా.

కరెంటు, ఉప్పు గాలి, ఊక నుసి

హైదరాబాద్ వాళ్ళు చేసే వీడియోల్లో ఇది ఉండదు, మనకి మాత్రం ఇది ప్రాసెసర్ అంత ముఖ్యం. భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న ఊళ్ళల్లో రాత్రి ఏరియేటర్లన్నీ (నీళ్ళకి గాలి పట్టే మోటార్లు) ఒకేసారి తిరుగుతుంటే వోల్టేజ్ కిందికి జారుతది, ఆగగానే పైకి లేస్తది. ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకునేది కూడా మనం రాత్రే.

ఎస్ఎమ్‌పీఎస్ (లోపలి పార్టులకి కరెంటిచ్చే పెట్టె) మంచిది వెయ్యండి, క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేది పక్కన పెట్టేయండి. లెక్క ఇలా వేస్తారు: ఐ5-14500 నిండా పనిచేస్తే 154 వాట్లు, ఆర్టీఎక్స్ 5060 కార్డు 145, మిగతావన్నీ ఒక 50, మొత్తం 350 వాట్లు. దానికి 80 ప్లస్ (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) బ్రాంజ్ గానీ గోల్డ్ గానీ ఉన్న 550 లేదా 650 వాట్లది హాయిగా సరిపోతది. యూపీఎస్ 600 వీఏది అంటగడతారు, అది దాదాపు 360 వాట్లే, మానిటర్ కలిపితే కరెంటు పోయిన క్షణంలోనే చేతులెత్తేస్తది. 1000 వీఏకి తగ్గొద్దు, అది కూడా ప్యూర్ సైన్ వేవ్‌ది అడగండి, ఎందుకంటే ఇప్పటి మంచి ఎస్ఎమ్‌పీఎస్‌లు కొన్ని చవక యూపీఎస్ ఇచ్చే మెట్లు మెట్లుగా ఉండే కరెంటుకి కుదరక ఆగిపోతాయి. యూపీఎస్ ఇచ్చే ఆ కొద్ది నిమిషాల్లో చెయ్యాల్సింది సేవ్ కొట్టి మెషిన్ ఆపడం, ఎక్స్‌పోర్ట్ సాగదీయడం కాదు.

క్యాబినెట్ ఇనుప అంచుకి ఎప్పుడైనా చెయ్యి తగిలితే గమనించండి. జివ్వుమని తగిలిందంటే మీ ప్లగ్ పాయింట్‌కి ఎర్త్ లేదన్నమాట. పాత పెంకుటిళ్ళల్లో, రేకుల షెడ్డు స్టూడియోల్లో ఇది మామూలు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ వేయించుకున్నాకే కొత్త సిస్టం పెట్టండి.

గాలి సంగతి. రైస్ మిల్లు దగ్గర్లో ఉంటే బాయిలర్ నించి వచ్చే ఊక నుసి నల్లగా మెత్తగా అన్నిట్లోకీ దూరుతది, ప్రాసెసర్ మీది ఫ్యాన్ రెక్కల్లో పేరుకుంటే వేడి దిగక మెషిన్ తనంతట తనే స్పీడు తగ్గించుకుంటది. ముందు మెష్ ఉండి, తీసి కడుక్కునే ఫిల్టర్ ఉన్న క్యాబినెట్ తీసుకోండి, ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి. గాజు పలకతో ముందంతా మూసేసి లైట్లు వెలిగేవి చూడ్డానికి బాగుంటాయి గానీ మే నెలలో మన ఉక్కకి పనికిరావు. నెలకోసారి బ్లోయర్ పట్టండి, పట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టండి. అంతర్వేది, ఓడలరేవు, కాట్రేనికోన లాగా సముద్రం దగ్గరున్న వాళ్ళకి ఉప్పు గాలి కూడా ఉంది, వానాకాలంలో పని లేకపోయినా రోజు మార్చి రోజు ఒక అరగంట సిస్టం ఆన్ చేసి ఉంచితే లోపల చెమ్మ ఆరుతది. డిస్‌ప్లే రాకపోతే కంగారుపడి రిపేర్‌కి ఇచ్చేముందు కరెంటు ప్లగ్ పీకేసి ర్యామ్ బయటికి తీసి, దాని బంగారు రంగు పళ్ళని పిల్లల రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్ళీ పెట్టి చూడండి, చాలాసార్లు దాంతోనే తీరిపోతది.

మానిటర్

ఐపీఎస్ ప్యానెల్ (పక్కనించి చూసినా రంగు పెద్దగా మారని తెర), ఎస్ఆర్‌జీబీ (మామూలు తెరల రంగుల కొలత) 99 శాతం పైన అని రాసున్నది, 27 అంగుళాలైతే 1440పీ. పెళ్ళికూతురి పట్టుచీర ఎరుపు, కాళ్ళ పసుపు, బంగారం, ఈ మూడూ సరిగ్గా కనపడని మానిటర్ మీద కలర్ చేస్తే కస్టమర్ టీవీలో మొహం టమాటాలా వస్తది. గేమింగ్‌వి 165 హెర్ట్జ్ అని చెప్తారు, అది మన పనికి అక్కర్లేదు.

కొనేరోజు, తెచ్చిన రోజు

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్నా, రాజమండ్రి కాకినాడల్లో కొన్నా, మీ ఫుటేజ్ ఒక ఎస్ఎస్‌డీలో పట్టుకెళ్ళండి. అక్కడే సాఫ్ట్‌వేర్ ట్రయల్ వేయించి రెండు కెమెరాల క్లిప్పులు టైంలైన్ మీద పెట్టి అటూ ఇటూ లాగి చూడండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, దాన్లో జీపీయూ ఓపెన్ చేస్తే వీడియో డీకోడ్ అని చిన్న గ్రాఫ్ ఉంటది. ప్లే కొట్టినప్పుడు అది లేచిందంటే విప్పే పని హార్డ్‌వేర్ చేస్తుందని, అది పడుకుని ప్రాసెసర్ నూటికి నూరు చూపిస్తుందంటే మీ ఫైల్ని ఆ సిస్టం నేరుగా విప్పట్లేదని. అరగంట ఎక్స్‌పోర్ట్ పెట్టి వేడి ఎంతకి వెళ్తుందో కూడా చూడండి. ప్రతి పార్టు సీరియల్ నెంబరు జీఎస్టీ బిల్లు మీద రాయించుకోండి, రేపు వారంటీకి అడిగేది అదే.

ఇంటికి తెచ్చాక మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి పెట్టండి, మదర్‌బోర్డుకి కాదు. తర్వాత బయాస్‌లోకి వెళ్ళి రెండు పనులు చెయ్యండి. ఒకటి, ఎక్స్ఎమ్‌పీ ఆన్ చెయ్యడం, లేకపోతే ర్యామ్ పెట్టె మీద రాసిన స్పీడుకి నడవదు. రెండోది చాలామందికి తెలియంది, కార్డు పెట్టగానే కొన్ని మదర్‌బోర్డులు ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి, ఎఫ్ లేనిది వెతికి కొన్న ఫలితమంతా అక్కడ పోతది. బయాస్‌లో ఐజీపీయూ మల్టీ మానిటర్ అని ఉంటది, దాన్ని ఎనేబుల్ చేసి, ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేసుకోండి. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ 0, జీపీయూ 1 అని రెండూ కనపడ్డాయంటే పని అయినట్టు. మొన్న ముమ్మిడివరం తమ్ముడొకడు "అన్నయ్యా నువ్వు చెప్పిందే కొన్నాను, ఇంకా ఆగుతుంది" అని ఫోన్ చేస్తే చూపించింది ఇదే, ఐదు నిమిషాల పని. "ఆయ్, రెండూ కనపడుతున్నాయి" అన్నాడు, ప్లే కొట్టాడు, ఫోన్లోనే సన్నాయి ఆగకుండా వినపడింది.

ఇప్పటికే కొనేసి ఎఫ్‌తో ఇరుక్కున్న వాళ్ళు కొత్తది కొనక్కర్లేదు. ప్రాక్సీలు చేసుకోండి, అంటే రాత్రి పడుకునేముందు ఫుటేజ్‌కి తేలికపాటి 1080పీ కాపీలు తయారుచెయ్యమని సాఫ్ట్‌వేర్‌కే చెప్పి, పొద్దున్న వాటితో కట్ చేసుకుని, చివర ఎక్స్‌పోర్ట్ అసలు ఫైళ్ళ నించి తీయడం. ప్రీమియర్‌లో, రిజాల్వ్‌లో, ఎడియస్‌లో మూడిట్లోనూ ఉంది. ఆ మొదటి పెళ్ళిని నేను గట్టెక్కించింది అలాగే.